విద్యుచ్ఛక్తియు నదీజలములును

(తాల్‌బగీచా తెలుగు కుటుంబములకొరకు సిద్ధపరచిన ప్రసంగపాఠము)



సంధ్యవేళ దీపము వెలిగించి నమస్కరించుట తెలుగు ఇండ్ల ఆచారము. నూనెదీపమైనచో అందులోని నూనె ఏ గానుగనుండి వచ్చినదో, ఎంత ధర పలికినదో ఇల్లాలికి తెలియును. విద్యుద్దీపము విషయమున ఆ యెరుక లేదు. మీట నొక్కగనే వెలుగు వచ్చును. ఆ వెలుగుకొరకు ఎంత బొగ్గు కాలినది, ఎంత నీరు ఆవిరియైపోయినది, ఎంత బూడిద ఏ యూరి చేరువకు పోయినది అను లెక్క నెలనెలా వచ్చు బిల్లులో వ్రాయబడదు. ఆ వ్రాయబడని లెక్కయే నేటి ప్రసంగమునకు విషయము.

తాల్‌బగీచా అనగా తాటితోపు. ఈ పేరు బెంగాలీ మాటయైనను, తాటిచెట్టు నీడ శ్రీకాకుళము వానికిని విజయనగరము వానికిని పరాయిది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఖరగ్‌పూర్ జంక్షనును, దాని ప్రక్క గొప్ప కర్మశాలయును వెలసిన పిమ్మట ఉత్తరాంధ్ర గ్రామములనుండి వేలాది కుటుంబములు పనికొరకు ఇచ్చటికి వచ్చినవి. ఫిట్టర్లు, ఫైర్‌మెన్లు, గుమాస్తాలు, కలాసీలు తరతరములుగా ఇచ్చట స్థిరపడిరి. వారిలో అనేకుల జీవితము బొగ్గు, నీరు, నిప్పు అను మూడింటితో ముడిపడి యుండినది.

ఆవిరియంత్రముల కాలమున శక్తికిని నీటికిని గల సంబంధము కంటికి కనబడెడిది. పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజను టెండరులో ఇరువదివేల లీటర్లకు పైబడిన నీరు పట్టెడిది. ప్రతి లోకోషెడ్డులోను ఇంజనునుండి దులిపిన నిప్పుకలును బూడిదయును గుంటలలో గుట్టలుగా పడెడివి. బాయిలరు కడిగిన నీరు ప్రక్క కాలువలోనికి పోయెడిది. ఆరవేసిన బట్టలపై మసి వ్రాలెడిది. పట్టాలప్రక్క సగము కాలిన బొగ్గుముక్కలను ఏరి కుంపట్లకు వాడుకొనుట రైల్వే కాలనీలలో సర్వసాధారణము. మాలిన్యము చేయువారును, దానిని అనుభవించువారును ఒకే వీథిలో నివసించుచుండిరి. కావున బాధ ఎంత ఉన్నను, అది ఎక్కడినుండి వచ్చుచున్నదో తెలియని వారు లేకుండిరి.

1960వ దశకములో హౌరా-ఖరగ్‌పూర్ మార్గమునకు విద్యుత్తీగెలు వచ్చినవి. 1995 డిసెంబరుతో దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ ముగిసినది. నేడు బ్రాడ్‌గేజి మార్గములు దాదాపు అన్నియు విద్యుదీకరింపబడినవి. పొగ పోయినది, మసి పోయినది, బూడిదగుంటలు పూడిపోయినవి. కార్మికుని ఊపిరితిత్తులకు ఇది నిశ్చయముగా మేలు. అయితే బూడిద లోకమునుండి మాయము కాలేదు. కంటియెదుటనుండి మాత్రమే తొలగినది. పూర్వము షెడ్డులో పడిన బూడిద ఇప్పుడు విద్యుత్కేంద్రములో పడుచున్నది. పూర్వము ఖరగ్‌పూర్ వాడు భరించినదానిని ఇప్పుడు మరియొకడు భరించుచున్నాడు.

ఆ మరియొకడు ఎక్కువ దూరమున లేడు. ఖరగ్‌పూర్‌నుండి హౌరాకు పోవు బండిలో సుమారు సగము దారి గడచిన పిమ్మట మేచెదా స్టేషను వచ్చును. అచ్చట రైలు కిటికీలోనుండి పొడవైన పొగగొట్టములు కనబడును. అదియే కోలాఘాట్ తాప విద్యుత్కేంద్రము. 1984 మొదలుకొని ఒకదాని తరువాత ఒకటిగా 210 మెగావాట్ల యూనిట్లు ఆరు అచ్చట నెలకొల్పబడినవి. వానిలో రెండు తరువాత మూయబడినవి. దాని ప్రక్కనే రూపనారాయణ నది ప్రవహించును. ఆ నదిలోని ఇలీషు చేపకు బెంగాలు దేశమున గొప్ప పేరు. ఆ చుట్టుప్రక్కల గ్రామములలో పూలతోటలు, తమలపాకు తోటలు విస్తారముగా ఉన్నవి. పూలరేకుపైనను, తమలపాకుపైనను బూడిద పడినచో దాని విలువ పోవునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇచ్చట ఒక చిన్న లెక్క వేసి చూడవలయును. ఈ దేశపు బొగ్గులో బూడిద మెండు; నూటికి ముప్పదినుండి నలువది పాళ్ల వరకు ఉండును. ఒక యూనిట్ విద్యుత్తు పుట్టించుటకు స్థూలముగా ముప్పాతిక కిలోకు కొంచెము తక్కువగా బొగ్గు కాలును. అందుండి సుమారు పావుకిలో బూడిద మిగులును. కావున బొగ్గు విద్యుత్తును నెలకు 100 యూనిట్లు వాడు ఇల్లు తనకు తెలియకుండగనే నెలకు సుమారు 25 కిలోల బూడిదను పుట్టించుచున్నది. 210 మెగావాట్ల యూనిట్ ఒకటి నిండు సామర్థ్యముతో పనిచేసినచో దినమునకు సుమారు 1200 టన్నుల బూడిద వచ్చును. అట్టివి ఆరు కలసి పనిచేసిన దినమున ఏడువేల టన్నులు దాటును. ఇంత బూడిదను ఏమి చేయవలయును? ఈ ప్రశ్నయే నీటిసమస్యకు మూలము.

బూడిదను తొలగించుటకు చిరకాలము వాడిన సులభోపాయము నీరు. బూడిదను దానికి అనేక రెట్లు నీటితో కలిపి గొట్టములద్వారా పంపి, విశాలమైన బూడిదచెరువులలో నింపుదురు. బూడిద అడుగున పేరుకొనును. పైనీరు బయటకు పోవును. చెరువు అడుగున తగిన పొర లేనిచో నీరు భూమిలోనికి ఇంకును. బొగ్గులో అత్యల్పముగా ఉండు ఆర్సెనిక్, సీసము, క్రోమియము, పాదరసము, సెలీనియము వంటి ధాతువులు బొగ్గు కాలిన పిమ్మట బూడిదలో మరింత చిక్కబడును. పాదరసములో కొంత పొగతో పోయి, దూరమున నేలపైనను నీటిపైనను పడును. తక్కిన ధాతువులు నీటితో కొద్దికొద్దిగా కరగి బావులను చేరగలవు. నీరు పల్లమెరుగునని పెద్దలు చెప్పినమాట ఇచ్చట కఠినమైన సత్యము. ఎండకాలమున చెరువు ఎండినచో బూడిద గాలికి లేచును; వానకాలమున పొంగినచో కాలువలను, పొలములను కప్పును.

రెండవ హాని వేడిమి. బొగ్గులోని తాపములో మూడింట ఒకవంతు మాత్రమే విద్యుత్తుగా మారును. తక్కినదానిలో ఎక్కువభాగమును కండెన్సరులోని నీరు మోసికొనిపోవలయును. కొన్ని కేంద్రములు నదినీటిని తీసికొని, వేడెక్కిన పిమ్మట తిరిగి నదిలోనికే వదలుచుండెడివి. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుచును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 35 డిగ్రీల వద్ద 7 మిల్లీగ్రాములకు మించదు. వేడిమి పెరిగినకొలది చేపకు ప్రాణవాయువు అవసరము ఎక్కువగును, దొరకునది తక్కువగును. శీతలగోపురములు కట్టినచో ఈ హాని తగ్గును గాని, నీరు ఆవిరియై ఆకాశమునకు పోవును. 2015 డిసెంబరులో కేంద్రప్రభుత్వము నిర్ణయించిన ప్రమాణము ప్రకారము శీతలగోపురములుగల పాతకేంద్రములు ఒక మెగావాట్-గంటకు మూడున్నర ఘనమీటర్లకు మించి నీరు వినియోగింపరాదు. గృహస్థుని భాషలో చెప్పవలెనన్న, యూనిట్‌కు మూడున్నర లీటర్లు. 100 యూనిట్లు వాడిన ఇంటికొరకు 350 లీటర్ల నీరు వ్యయమైనదన్నమాట.

మూడవ హాని గనులవద్దనే మొదలగును. ఖరగ్‌పూర్‌నుండి మేదినీపూర్, బాఁకుడా మీదుగా ఆద్రా పోవు మార్గము బొగ్గుగనుల దేశమునకు ద్వారము. రాణిగంజ్ ప్రాంతమున 1774లోనే బొగ్గు త్రవ్వుట ఆరంభమైనది. గనులనుండి తోడివేయు నీరు, బొగ్గు కడుగు కర్మాగారములనుండి వచ్చు నల్లనిమడ్డి దామోదర నదిలోనికిని, దాని ఉపనదులలోనికిని చేరెను. ఆ నదిలో పేరుకొనిన బొగ్గుమడ్డిని ఎత్తి, ఆరబెట్టి, వంటచెరకుగా అమ్మి పొట్టపోసికొను బీదలు గూడ ఉండిరి. నది పాడగుటయే ఒక కూలిపనిగా మారిన విచిత్రము ఇది.

దామోదర నది చరిత్ర ఈ విషయమున గొప్ప పాఠము. వరదలవలన దానికి బెంగాలు దుఃఖదాయిని అను పేరు వచ్చినది. 1943 నాటి వరద పిమ్మట ఏర్పడిన విచారణసంఘమున శాస్త్రవేత్త మేఘనాద్ సాహా సభ్యులుగా ఉండిరి. అమెరికాలోని టెన్నెస్సీ లోయ సంస్థకు చెందిన ఇంజనీరు వూర్డుయిన్ 1944లో ప్రాథమిక ప్రణాళికను సమకూర్చిరి. 1948లో దామోదర్ వేలీ కార్పొరేషన్ ఏర్పడినది. తిలయా, కోనార్, మైథాన్, పాంచేత్ ఆనకట్టలు 1953-59 సంవత్సరముల నడుమ పూర్తియైనవి. 1953లోనే బొకారో తాప విద్యుత్కేంద్రము ప్రారంభమైనది. వరదలు తగ్గించుట, పొలములకు నీరిచ్చుట, విద్యుత్తు పుట్టించుట - ఇవి ఉదాత్తమైన ఆశయములు. నూతన భారతము వానిని చూచి గర్వించుట సహజము. అయితే నీటిని అదుపు చేయుటకు పుట్టిన ప్రణాళికలోనే నీటిని చెరచు బీజము గూడ ఉన్నదని నాడు ఎక్కువమంది తలపలేదు.

ఆదర్శముగా గ్రహింపబడిన టెన్నెస్సీ లోయలోనే ఆ బీజము భయంకరమైన ఫలమిచ్చినది. 2008 డిసెంబరు 22వ తేదీ తెల్లవారకముందు కింగ్‌స్టన్ విద్యుత్కేంద్రపు బూడిదచెరువు గట్టు తెగినది. నలువది లక్షల ఘనమీటర్లకు పైబడిన బూడిద అడుసు ఎమరీ నదిని, చుట్టునున్న భూములను కప్పినది. ధనము, శాస్త్రము, యంత్రములు సమృద్ధిగా నున్న దేశముననే ఇట్లు జరిగినది. భారతదేశమున 2019 సెప్టెంబరులో బొకారో కేంద్రపు బూడిదచెరువు గట్టు తెగి, బూడిద కోనార్ నదివైపు పారినది. 2020 ఏప్రిల్ 10వ తేదీన మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలి జిల్లాలో సాసన్ కేంద్రపు గట్టు తెగినప్పుడు ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి, పైరుపొలములు బూడిదపాలైనవి.

దామోదర జలములకును ఖరగ్‌పూర్ ప్రాంతమునకును సంబంధమేమని అడుగవచ్చును. దామోదర నీటిలో పెద్దభాగము ముండేశ్వరి అను శాఖలోనికి పోవును. ముండేశ్వరి రూపనారాయణ నదిలో కలియును. రూపనారాయణ కోలాఘాట్ దాటి గెంయోఖాలీ వద్ద హుగ్లీలో కలియును. కావున ఎచ్చటో ఛోటానాగపూర్ గనులలో కలిసిన మాలిన్యపు శేషము ఈ జిల్లాల పొలిమేరలనుండియే సముద్రమునకు పోవుచున్నది. పటములో జిల్లాలకు హద్దులున్నవి, రాష్ట్రములకు హద్దులున్నవి, ప్రవాహమునకు లేవు.

ఈ కథ ఒడ్డిన మరియొక కొన తెలుగుదేశమున ఉన్నది. విజయవాడచెంత ఇబ్రహీంపట్నమున తాప విద్యుత్కేంద్రము 1979లో పనిచేయ నారంభించినది. పరవాడవద్ద సింహాద్రి కేంద్రము 2002లో ఆరంభమై, సముద్రపునీటిని శీతలీకరణమునకు వాడుచున్నది. ఇవి ఇంటింటికి వెలుగు నిచ్చినవి; వీని బూడిదచెరువులు ఇరుగుపొరుగు గ్రామములకు బెంగ నిచ్చినవి. ఇక శ్రీకాకుళము జిల్లా సోంపేటచెంత బీల అను విశాలమైన తంపరభూమి కలదు. వాననీరు అందు నిలిచి చుట్టు పొలములను తడుపును, జాలరులకు చేపలనిచ్చును, పశువులకు మేత నిచ్చును. అచ్చట 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్కేంద్రము నిర్మింప ప్రయత్నింపగా రైతులును జాలరులును ఎదిరించిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. ఆ జూలైలోనే జాతీయ పర్యావరణ అప్పీలు అధికారసంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దు చేసినది. 2011 ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లి తంపరభూములయొద్ద గూడ అట్టి దుఃఖమే కలిగినది. సమీపమునందలి తేలినీలాపురమునకు ఏటేట గూడకొంగలును ఎర్రకాళ్ళ కొంగలును వచ్చి గూళ్లు కట్టుకొనును.

ఖరగ్‌పూర్ తెలుగువారిలో పలువురి పూర్వుల ఊళ్లు ఆ జిల్లాలలోనివే. పండుగకు పోవు బండి విద్యుత్తుతో నడచును. పోయిచేరు ఊరు విద్యుత్కేంద్రము వలదని పోరాడిన ఊరికి పొరుగుది. కావున ఈ వివాదమున తెలుగు రైల్వే ఉద్యోగి కేవలము ప్రేక్షకుడు కాడు. ఒక చేత శక్తిని అందుకొనువాడు, రెండవ చేత ఆ శక్తికి వెలచెల్లించువారి బంధువు. ఒక కంటితో చూచినచో విద్యుత్తు కావలయును. రెండవ కంటితో చూచినచో బీల నిలువవలయును. రెండు కన్నులును తెరచి చూచుటయే న్యాయము.

విద్యుత్తు వలదనువారెవరును లేరు. ఆసుపత్రిలో శస్త్రచికిత్సకు, పొలములో పంపునకు, పిల్లల చదువునకు అది కావలయును. బూడిద పడు గ్రామములకును అది కావలయును. దేశమున పుట్టు విద్యుత్తులో నూటికి డెబ్బది పాళ్లకు పైగా ఇంకను బొగ్గునుండియే వచ్చుచున్నది; దానిని ఒక్కనాటితో విడుచుట సాధ్యము కాదు. అయితే మాలిన్యము విధివ్రాత కాదు. అనేక సందర్భములలో అది మిగుల్చుకొన్న ఖర్చుయొక్క మారురూపము. గట్టు పటిష్ఠముగా కట్టుటకు, అడుగున పొర పరచుటకు, నీటిని తిరిగి తిరిగి వాడుటకు పెట్టవలసిన ధనమును పెట్టనిచో, ఆ ధనము ఎగువవాని చేతిలో మిగులును. దాని నష్టము దిగువవాని బావిలో చేరును.

చట్టము ఈ విషయమున మౌనముగా లేదు. జలకాలుష్య నివారణచట్టము 1974లో వచ్చినది. 1976లోని 42వ రాజ్యాంగసవరణము నదులను, చెరువులను, అడవులను కాపాడుట పౌరధర్మమని 51ఎ అధికరణమున చేర్చినది. 1991లో సుభాష్ కుమార్ అను వ్యక్తికిని బిహారు రాష్ట్రమునకును నడుమ జరిగిన వ్యాజ్యములో, మాలిన్యము లేని నీరును గాలియు అనుభవించుట జీవించు హక్కులో భాగమని సుప్రీంకోర్టు పలికినది. ఆ వ్యాజ్యము పశ్చిమ బొకారో బొగ్గుకర్మాగారపు మడ్డినీరు బొకారో నదిలో పడుటను గూర్చినదే. వాది స్వప్రయోజనముకొరకు వచ్చెనని కోర్టు ఆ పిటిషనును కొట్టివేసినది. అయినను అప్పుడు పలికిన సూత్రము నిలిచినది. 1999లోను, తిరిగి 2021 డిసెంబరులోను వెలువడిన ప్రకటనలు బూడిదను సిమెంటు, ఇటుకలు, రహదారి గట్లు మొదలగు పనులకు వినియోగింపవలెనని విద్యుత్కేంద్రములను ఆజ్ఞాపించినవి. పొడిగా పట్టిన బూడిద సరకు. నీటిలో కలిపిన బూడిద శాపము. ఈ ఒక్క భేదమును పాటించినచో సగము చిక్కు విడిపోవును.

గృహస్థులు చేయదగినదేమి? మొదటిది పొదుపు. 60 వాట్ల పాతబల్బునకు మారుగా 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమును దినమునకు ఐదుగంటలు వెలిగించినచో నెలకు ఏడున్నర యూనిట్లు మిగులును. అనగా సుమారు రెండుకిలోల బూడిదయు, ఇరువదియారు లీటర్ల నీరును మిగిలినట్లే. ఒక ఇంటికి ఇది స్వల్పము. ఒక కాలనీకి స్వల్పము కాదు. రెండవది పరీక్ష. బావినీరుగాని, గొట్టపుబావినీరుగాని త్రాగువారు ప్రజారోగ్య ఇంజనీరింగుశాఖ ప్రయోగశాలలో దానిని పరీక్షింపజేసికొనవలయును. కాచినచో క్రిములు చచ్చును గాని ఆర్సెనిక్ వంటి ధాతువులు పోవు. నీరు ఇగిరినకొలది అవి చిక్కబడును. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరునకు 0.01 మిల్లీగ్రామును మించరాదని భారతీయ ప్రమాణము.

మూడవది ఉద్యోగధర్మము. కేంద్రప్రభుత్వ కార్యాలయములలో, వర్క్‌షాపులలో, షెడ్లలో పనిచేయువారి చేతిలో చిన్నచిన్న నిర్ణయములు ఎన్నియో ఉన్నవి. కారు నూనెను కాలువలో కలియకుండ పట్టుట, నూనెను నీటినుండి వేరుచేయు తొట్టిని సకాలమున శుభ్రపరచుట, కప్పులపై సౌరఫలకములు అమర్చు ప్రతిపాదనను ఫైలులో నిద్రింపనీయకుండుట - ఇవి గొప్ప ఉపన్యాసములకంటె ఎక్కువ ఫలమిచ్చును. నాలుగవది విచారించు అలవాటు. క్రొత్త కేంద్రము కట్టునప్పుడు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెనని నిబంధన కలదు. స్వగ్రామమునుండి బంధువు ఉత్తరము వ్రాసి సలహా అడిగినప్పుడు, ఉద్యోగము దొరకునా అను ప్రశ్నతోపాటు నీరు ఎచ్చటనుండి తెత్తురు, బూడిద ఎచ్చట వేయుదురు, గట్టును ఎవరు కాతురు అను మూడు ప్రశ్నలను అడుగుమని చెప్పుట చదువుకొన్నవారి కర్తవ్యము.

విద్యుత్తు ఏ కేంద్రమునుండి వచ్చినదో తీగెను చూచి చెప్పుట సాధ్యము కాదు. అన్ని కేంద్రముల శక్తియు ఒకే జాలములో కలసి ఇంటింటికి వచ్చును. అందుచేతనే బాధ్యత ఎవరిదో గుర్తుపట్టుట కష్టమగుచున్నది. గుర్తుపట్టజాలని బాధ్యత అందరిదిగాని, ఎవరిదియు కానిది మాత్రము కాదు. లోకోషెడ్డు బూడిద నాటి కార్మికుని వాకిటనే పడినది గనుక, దానిని తొలగింపవలెనని అతడు అడుగగలిగెను. నేటి బూడిద రూపనారాయణ తీరమున తమలపాకుతోట కాపువాని వాకిట పడుచున్నది. అతని పక్షమున అడుగుటకు, ఆ విద్యుత్తు అనుభవించువారికంటె ఎక్కువ హక్కుగాని, ఎక్కువ ఋణముగాని గలవారెవరు?